శ్రమకాలంలో ఇంట్లో ఒక డబ్బా పెట్టుకోండి: 40 రోజులు గడపడం ఎలా?

మా అమ్మ వాళ్లది లూథరన్ అనే ప్రొటెస్టెంట్ సంఘం. అత్తగారి వాళ్లు రోమన్ కతోలికులు, అంటే ఆర్‌సీఎం. పెళ్లయిన కొత్తలో ఫిబ్రవరి వచ్చిందంటే ఒకే సంగతిని రెండిళ్లలో రెండు పేర్లతో వినేదాన్ని. ఈస్టర్ ముందు ఉపవాసంతో, ప్రార్థనతో గడిపే 40 రోజులు అక్కడ శ్రమకాలం, ఇక్కడ తపస్సుకాలం. అది మొదలయ్యే రోజు అక్కడ భస్మ బుధవారం, ఇక్కడ విభూది బుధవారం. ఈస్టర్ ముందు ఆదివారం అక్కడ మట్టల ఆదివారం, ఇక్కడ మ్రానికొమ్మల ఆదివారం. పేర్లు వేరైనా పొరపాటు మాత్రం రెండిళ్లలోనూ ఒక్కటే. ఎవరు ఏం మానేశారో అందరికీ తెలుసు. మానేశాక మిగిలింది ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఇంటిల్లిపాదీ 40 రోజులు చికెన్ మానేసేవాళ్లం. ఆ డబ్బులేమయ్యాయని ఒకసారి లెక్క తీస్తే నా ఈస్టర్ చీర అంచు దగ్గర తేలింది.

అందుకే ఇక్కడ ఏం మానాలి అనే దానికంటే, మిగిలిన డబ్బు, బియ్యం, టైము ఎటు పంపాలి అనేదే ఎక్కువ చెబుతాను. సంఘం ఏదైనా ఇది కుదురుతుంది. శ్రమకాలం అసలు పాటించని సంఘాలు కూడా మన దగ్గర చాలానే ఉన్నాయి. అలాంటి సంఘంలో ఉండి మీరొక్కరే చేయాలనుకున్నా ఫర్వాలేదు, ఇందులో ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ముందు తేదీలు చూసుకోండి

ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం ఈస్టర్. పాత చర్చి లెక్కల ప్రకారం కట్టిన పౌర్ణమి కాబట్టి ఒక్కోసారి మన పంచాంగంతో కలవదు. ఈస్టర్ నుంచి 46 రోజులు వెనక్కి లెక్కపెడితే భస్మ బుధవారం వస్తుంది. 2026లో అది ఫిబ్రవరి 18, ఈస్టర్ ఏప్రిల్ 5. 2027లో ఫిబ్రవరి 10, ఈస్టర్ మార్చి 28. అంటే 2027లో విజయవాడ గుణదల కొండ మీద మేరీమాత ఉత్సవాలు జరిగే ఫిబ్రవరి 9, 10, 11 తేదీల నట్టనడుమ విభూది బుధవారం పడుతుంది. కొండకు వెళ్లి వచ్చాక మొదలుపెడదాం అనుకునేవాళ్లు ఇది ముందే గమనించుకోండి.

46 రోజులైతే 40 అంటారేమిటి? మధ్యలో 6 ఆదివారాలు ఉన్నాయి. ఆదివారం యేసు తిరిగి లేచిన పునరుత్థాన దినం, ఉపవాసం లెక్కలోకి రాదు. ఈ సంగతి తెలియక ఆదివారం ఒక ముక్క తిన్నందుకే బాధపడేవాళ్లని చూశాను. ఆ బాధ అక్కర్లేదు.

ఈ రోజుల్లో పెళ్లి ముహూర్తాలు, గృహప్రవేశాలు పెట్టుకోకపోవడం మన పాత పద్ధతి. చుట్టాలింట్లో పెళ్లి వచ్చిందనుకోండి, వెళ్లండి, తినండి. ఆకు ముందు కూర్చుని "నేను ఉపవాసం" అని నలుగురికీ వినిపించేలా చెప్పడం కంటే అదే మేలు. బైబిల్లో మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు చెప్పిందీ ఇంచుమించు ఇదే: ఉపవాసం చేసేటప్పుడు తలంటుకోండి, ముఖం కడుక్కోండి, జనానికి తెలియనివ్వకండి.

మంగళవారం రాత్రి డబ్బా

భస్మ బుధవారానికి ముందు రాత్రి రెండు డబ్బాలు కడిగి ఆరబెట్టండి. ఒకటి డబ్బులకి, ఒకటి బియ్యానికి. డబ్బుల డబ్బా దేవుని వాక్యం పెట్టుకునే అల్మరాలో కాదు, రోజూ కళ్లబడే చోట పెట్టండి. మాది టీ పొడి డబ్బా పక్కన ఉంటుంది, ఎందుకో కాసేపట్లో చెబుతాను. బియ్యం డబ్బాలో అడుగున రెండు ఎండు మిరపకాయలు వేయండి. మొదటి ఏడాది నేను వేయలేదు. ఐదో వారానికి పురుగు పట్టింది.

రోజూ అన్నానికి బియ్యం కొలిచాక, కడగకముందే, ఒక గుప్పెడు తీసి ఈ డబ్బాలో వేయాలి. విడిగా తెచ్చిన బియ్యంలోంచి కాదు, ఆ పూట కొలత లోంచే. ఇంట్లో వాళ్లకి కూడా ఆ గుప్పెడు తగ్గాలి. ఇది కొత్త సంగతేమీ కాదు. మిజోరంలో క్రైస్తవ ఆడవాళ్లు వంట చేసిన ప్రతిసారీ ఇలా గుప్పెడు బియ్యం పక్కన పెట్టి చర్చికి ఇస్తారు. బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. ఇళ్లలో జీతాలు లేని రోజుల్లో మొదలైన ఆ అలవాటుతోనే అక్కడి సంఘాలు సువార్త పనిని నడుపుకొచ్చాయి. మా ఇంట్లో నా గుప్పెడు 40 గ్రాములు తూగింది. రోజుకు రెండు పూటలు, ఆదివారాలతో కలిపి 46 రోజులు. మూడున్నర కిలోలు దాటింది. వింటే తక్కువే అనిపిస్తుంది, కానీ ఎవరింట్లోనూ ఎవరికీ కడుపు మాడకుండా వచ్చిన బియ్యం అది.

బుధవారం నాడు

కతోలిక చర్చికి వెళ్లేవాళ్లైతే పోయినేడు మ్రానికొమ్మల ఆదివారం నాడు తెచ్చుకున్న మట్టల్ని ముందు వారమే గుడికి పట్టుకెళ్లి ఇవ్వండి. వాటిని కాల్చిన బూడిదే నుదుటి మీద పెడతారు. పెట్టేటప్పుడు గురువుగారు (చర్చి ఫాదర్) రెండు మాటల్లో ఒకటి అంటారు. ఒకటి ఆదికాండంలోది, నువ్వు మట్టివి, మళ్లీ మట్టిలో కలుస్తావని. రెండోది మార్కు సువార్తలోది, మారుమనస్సు పొంది సువార్తను నమ్మమని. మీకు ఏది పడిందో గుర్తుపెట్టుకోండి, ఆ వారమంతా దాని మీదే ధ్యానం చేసుకోవచ్చు.

ఆ విభూదితోనే ఆఫీసుకి వెళ్లాలా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. తుడుచుకున్నా తప్పులేదు, ఉంచుకున్నా తప్పులేదు. ఉంచుకుంటే మాత్రం సెల్ఫీ వద్దు. ఆ రోజు చదివే సువార్త మత్తయి 6వ అధ్యాయమే, చాటుగా చేయమని చెప్పేది. అది విని బయటికొచ్చి స్టేటస్ పెడితే ఎలా?

ఏం మానుకోవాలి, ఎంత

రెండే రెండు. తినేదాంట్లో ఒకటి, తిననిదాంట్లో ఒకటి. ఎనిమిది రాసుకున్నవాళ్లు రెండో వారానికి ఎనిమిదీ వదిలేస్తారు. నేనే సాక్ష్యం.

తినేది ఎంచుకునేటప్పుడు ధర కట్టగలిగినదాన్ని ఎంచుకోండి. నాది బయట తాగే టీ. రోజుకు రెండు, కప్పు 10 రూపాయలు. 40 రోజులకి 800. ఏ రోజు మానితే ఆ సాయంత్రమే 20 రూపాయలు డబ్బాలో పడాలి. చివర్లో ఒకేసారి వేద్దాంలే అనుకుంటే పడవు. ఫోన్‌పే అలవాటైపోయి చేతిలో చిల్లర ఉండదు కాబట్టి ముందే 800కి పదుల నోట్లు మార్చి ఒక కవరులో పెట్టుకుంటాను. ఇంటికొచ్చి టీ పెట్టుకుందామని పొడి డబ్బా తీస్తే పక్కనే ఈ డబ్బా కనబడుతుంది. ఆదివారం మాంసం మీ అలవాటైతే, ఆ వారం మానినప్పుడు కిలో ధర ఎంతుందో అడిగి అంత వేయండి.

ఇలా లెక్కగట్టడం చిల్లర వ్యవహారంలా అనిపించొచ్చు. కానీ ఉపవాసానికి మొదటి నుంచీ ఉన్న అర్థం ఇదే. 2వ శతాబ్దంలో ఏథెన్స్ తత్వవేత్త అరిస్టీడీస్ క్రైస్తవుల తరఫున రోమా చక్రవర్తికి ఒక విన్నపం రాశాడు. క్రైస్తవులు ఎలా బతుకుతారో చెబుతూ ఆయన రాసిన ఒక సంగతి నాకు చాలా ఇష్టం. వాళ్లలో ఎవరైనా లేనివాడుంటే, ఇవ్వడానికి వీళ్ల దగ్గరా మిగులు లేకపోతే, రెండు మూడు రోజులు పస్తుండి ఆ తిండి అతనికి పెడతారట. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే యెషయా గ్రంథం 58వ అధ్యాయం ఉపవాసం చేస్తూనే కూలివాళ్ల చేత పని పిండుకునేవాళ్లని నిలదీసింది. ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టు, అదీ నాకు కావలసిన ఉపవాసం అంది. పనిమనిషిని పెట్టుకున్న ఇళ్లవాళ్లు ఈ అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదవాలి. శ్రమకాలంలో ఆమెకి రావలసిన జీతం ఒకటో తారీఖునే ఇవ్వడం, పండుగ సెలవుకి డబ్బు కోయకపోవడం, నా దృష్టిలో ఒక పూట పస్తు కంటే పెద్ద ఉపవాసాలు.

తిననిదాంట్లో ఎక్కువమంది ఫోన్ ఎంచుకుంటారు. "తగ్గిస్తాను" అని అనుకుంటే తగ్గదు. ఛార్జర్‌ని మంచం పక్క నుంచి తీసి వంటింట్లో పెట్టండి, అంతే. అలారానికి 200 రూపాయల గడియారం కొనుక్కోండి.

ఉపవాసం రోజు

కతోలిక సంఘం నియమం చాలామంది అనుకున్నంత కఠినమైనది కాదు. ఉపవాసం తప్పనిసరి అయ్యేది రెండే రోజులు, విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే. 18 నుంచి 59 ఏళ్లవాళ్లకి. రోజుకి ఒక పూర్తి భోజనం, రెండు పూటలు కొద్దిపాటి ఫలహారం, ఆ రెండూ కలిపినా ఒక భోజనం అంత కాకూడదు. 14 ఏళ్లు నిండినవాళ్లు ఆ రెండు రోజులూ, శ్రమకాలపు శుక్రవారాలూ మాంసం మానాలి. చేప, గుడ్డు, పాలు మాంసం లెక్కలోకి రావు. నియమం ప్రకారం శుక్రవారం కొరమీను పులుసు, రొయ్యల వేపుడు తినొచ్చు. తిని, ఉపవాసం బాగా జరిగిందని చెప్పుకోవడానికి మాత్రం కొంచెం ధైర్యం కావాలి.

మిగతా సంఘాల్లో ఇంత లెక్క ఉండదు. శుక్రవారం సాయంత్రం దాకా ఉండి, కూటమిలో ప్రార్థన అయ్యాక తినేవాళ్లు ఎక్కువ. ఎవరి పద్ధతి ఏదైనా ఇవి చూసుకోండి.

నీళ్లు మానకండి. యూదుల ఉపవాసానికీ, రంజాన్ రోజాకీ నీళ్ల విషయంలో వేరే నియమాలున్నాయి. మనకి అలాంటి నియమం లేదు, పైగా ఇది మార్చి ఎండ. షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు భోజనం మానేసి మందు వేసుకుంటే షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది, ప్రమాదం. డాక్టరుగారిని అడగకుండా ఒక్క పూట కూడా మానొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, 60 దాటినవాళ్లు పస్తుండనక్కర్లేదు. మా మామయ్యగారికి షుగర్. ఆయన తిండి మానరు, సీరియల్ మానతారు. ఆ అరగంట పక్కవీధిలో పక్షవాతంతో పడుకున్న స్నేహితుడి దగ్గర కూర్చుని పేపర్ చదివి వినిపిస్తారు. మా ఇంట్లో అందరికంటే మంచి ఉపవాసం ఆయనదే.

సాయంత్రం విడిచేటప్పుడు ఒక అరటిపండు, మజ్జిగ, ఆ తర్వాత అన్నం. పొద్దంతా ఉండి రాత్రి బిర్యానీ ఆర్డర్ పెట్టడం కడుపుకీ మంచిది కాదు, డబ్బాకీ మంచిది కాదు.

వారానికి ఒక్క కీర్తన

రోజుకో అధ్యాయం, ఉదయం గంట, రాత్రి గంట అని మొదలుపెట్టి కుంగిపోకండి. 15 నిమిషాలు, ఒకే చోట, ఒకే వేళ. చదవడానికి నేను చెప్పే పద్ధతి ఇది. పాత కాలం నుంచి సంఘం బైబిల్లోని కీర్తనల గ్రంథంలో 7 కీర్తనలని పశ్చాత్తాప కీర్తనలని వేరుగా గుర్తించింది: 6, 32, 38, 51, 102, 130, 143. బుధవారం నుంచి శనివారం దాకా వచ్చే తొలి 4 రోజుల్ని ఒక వారంగా లెక్కేస్తే శ్రమకాలానికి సరిగ్గా 7 వారాలు. వారానికి ఒకటి. కొత్తది ఏదీ చదవొద్దు, ఆ ఒక్కటే రోజూ, పైకి, నోటితో.

అదేపనిగా చదివితే ఏం వస్తుందనిపిస్తుంది. మూడో రోజు దాకా ఏమీ రాదు. ఆ తర్వాత ఏదో ఒక మాట పట్టుకుంటుంది. 32వ కీర్తనలో దావీదు తప్పు ఒప్పుకోకుండా నోరు మూసుకున్న రోజుల్లో తన ఒంట్లో సత్తువ వేసవిలో ఎండినట్టు ఎండిపోయిందంటాడు. మార్చిలో మన చెరువు చూసినవాళ్లకి ఆ మాటకి వ్యాఖ్యానం అక్కర్లేదు. 102లో నిద్రపట్టని మనిషి ఇంటి కప్పు మీద ఒంటరి పిచ్చుకతో తనను పోల్చుకుంటాడు. 51వది మీకు ఎటూ కంఠతా వచ్చే ఉంటుంది. అందుకే దాన్ని మెల్లగా చదవండి, వచ్చిన పాటని పాడేసినట్టు పాడేయకండి.

ఆ వారపు కీర్తనని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి గోడకి అంటించండి. 430లో హిప్పో పట్టణంలో అగస్టీను చివరి జబ్బుతో పడుకున్నప్పుడు పశ్చాత్తాప కీర్తనలు రాయించి మంచం నుంచి కనబడేలా గోడకి పెట్టించుకున్నాడని ఆయన శిష్యుడు పొసిడియస్ రాశాడు. మాది ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది.

శుక్రవారం సాయంత్రాలు కతోలికులకి సిలువ మార్గం అనే ప్రార్థన ఉంటుంది, యేసు సిలువ మోసిన దారిని తలచుకుంటూ 14 స్థలాల దగ్గర ఆగుతారు. గుడికి వెళ్లలేకపోతే ఇంట్లో చేసుకోవచ్చు. 14 సార్లు ఆగడం కష్టమైతే ఒక్క ఐదో స్థలం దగ్గర ఆగండి. కురేనీయుడైన సీమోను చేత సిలువ మోయించిన చోటు అది. పొలం నుంచి వస్తున్న మనిషి, తనకి సంబంధం లేని బరువు, బలవంతంగా భుజాన పడింది. మంచాన పడ్డ అత్తగారిని చూసుకుంటున్న కోడలికి ఇంకే ధ్యానం కావాలి?

ఒక ఫోన్ కాల్

ఇది అన్నిటికంటే కష్టం, అందుకే నాలుగో వారంలో పెట్టాను. బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతూ నీ మీద ఎవరికైనా కోపముందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలి వెళ్లి సమాధానపడి రమ్మన్నాడు యేసు. అంటే మన కోపం కాదు, మన మీద అవతలివాళ్లకున్న కోపం. ఒక్క పేరు రాసుకోండి. ఒక్కటే.

నాది మా పిన్ని కూతురు. పెళ్లి పిలుపుల దగ్గర మొదలైన గొడవ, రెండేళ్లు మాటల్లేవు. మొదటి ఏడాది తెలివిగా "ఈ శ్రమకాలంలో ఎవరినైనా నొప్పిస్తే క్షమించండి" అని చేతులు జోడించిన బొమ్మతో అందరికీ మెసేజ్ పెట్టాను. తనకీ వెళ్లింది. జవాబు రాలేదు. ఎందుకొస్తుంది? రెండో ఏడాది ఫోన్ చేశాను. "ఎవరండీ?" అంది. నా నంబరు తీసేసింది. పేరు చెప్పాక చాలాసేపు చప్పుడు లేదు. చివరికి పిన్నికి కంటి ఆపరేషన్ అయిందని చెప్పింది. పాత గొడవ ఊసు ఆ రోజు ఎవరమూ ఎత్తలేదు. మీరూ మొదటి ఫోన్లో ఎత్తకండి. తప్పు మీదైతే, ఏం తప్పో పేరు పెట్టి, ఒక్క ముక్కలో చెప్పండి, "కానీ" అనకుండా. అవతలివాళ్లు ఎత్తకపోతే మళ్లీ వచ్చే వారం చేయండి. చేయి చేసుకునే మనుషులో, డబ్బు ఎగ్గొట్టి బెదిరించే మనుషులో అయితే ఇది వర్తించదు. వాళ్ల కోసం దూరం నుంచి ప్రార్థన చేస్తే చాలు.

కతోలికులు, గురువుగారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి కూడా ఈ వారమే వెళ్లండి. ఈస్టర్ ముందు వచ్చే పరిశుద్ధ వారం దాకా ఆగితే వరస పెద్దదవుతుంది, గురువుగారు అలసిపోయి ఉంటారు, మీరూ తొందరలో రెండు ముక్కలు చెప్పి లేచొస్తారు.

తప్పినప్పుడు

తప్పుతారు. మూడో వారం ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు, టీ, సమోసా. డబ్బాలో ఆ రోజు 20 వేయక్కర్లేదు. 40 వేయండి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి. అంతకు మించి టెన్షన్ వద్దు.

పరిశుద్ధ వారం

సెలవులు ఉంటే గురువారం సాయంత్రం నుంచి పెట్టుకోండి. ఆ రాత్రి ఆరాధనకి ముందో తర్వాతో ఇంట్లో ఒకరి పాదాలు ఒకరు కడగండి. యోహాను 13 చదివి, ఒక పళ్లెం, చెంబు, తువ్వాలు. మా ఇంట్లో మొదటిసారి పిల్లలు పగలబడి నవ్వారు. అత్తగారు నా పాదాలు కడగడానికి వంగేసరికి నవ్వు ఆగింది.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన. 17వ శతాబ్దం చివర్లో పెరూ దేశపు లిమా నగరంలో జెస్యూట్ సభకు చెందిన కతోలిక గురువులు మొదలుపెట్టిన ఈ పద్ధతిని ఇవాళ మన లూథరన్, సీఎస్ఐ, బాప్టిస్టు సంఘాలే ఎక్కువ పట్టుకున్నాయి. మాటకొక ప్రసంగీకుడు, మధ్యలో పాట. మూడు గంటలు ఫ్యాను కింద చోటు కావాలంటే పదకొండున్నరకే వెళ్లండి. ఏడు మాటలూ ముందు రాత్రే చదువుకుని, వాటిలో ఒక్కటి మీదని ఎంచుకోండి. ఐదో ప్రసంగం దగ్గర కునుకు వచ్చినా ఆ ఒక్కటి మాత్రం వదలకుండా వినండి.

శనివారం పొద్దున డబ్బాలు విప్పండి. ఆదివారం దాటాక ఇద్దాంలే అనుకోకండి. పండుగ దాటాక ఇస్తే అవతలి ఇంట్లో పండుగ ఉండదు. ఎవరికివ్వాలో మొదటి వారమే అనుకుని ఉంటే మంచిది. ట్రస్టులకి పంపడం తప్పు కాదు గానీ, నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఒక ఇల్లు అయితే ఇంకా మంచిది. క్రైస్తవులే కావాలని లేదు. నోట్లు లెక్కపెట్టి, చిల్లర మార్చి, కవరులో పెట్టి, బియ్యంతో పాటు ఆ శనివారం సాయంత్రం ఇచ్చి రండి. ఫోటో తీయొద్దు. "ప్రార్థన చేసుకోండి" అని వాళ్ల చేత ఏమీ ఒప్పించొద్దు. కూర్చోమంటే కూర్చోండి, నీళ్లిస్తే తాగండి.

ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి కాబట్టి త్వరగా పడుకోండి. చీకటితోనే సమాధుల తోటకి వెళ్లి మనవాళ్ల సమాధుల మీద వెలిగించే కొవ్వొత్తులు ఆరిపోకుండా ఉండటానికి సగానికి కోసిన ప్లాస్టిక్ సీసాలు పనికొస్తాయి, అగ్గిపెట్టె మర్చిపోకండి. తిరిగొచ్చాక బయట టీ కొట్టు దగ్గర ఆగి ఒక టీ తాగండి. 46 రోజుల తర్వాత మా వీధి చివరి కొట్టు టీ నాకు ఏటా కొంచెం ఎక్కువ తియ్యగా అనిపిస్తుంది. అడిగితే చక్కెర ఎప్పుడూ వేసేంతే వేశానంటాడు.